శుక్రవారాలు కె. కోటపాడు వెళ్ళింది నేను కాదు

దయ్యాలను నేనెన్నడూ నమ్మలేదు. ఇప్పుడు చెప్పేదాన్ని కూడా దయ్యం కథ అనను. కానీ నాది కాని మంచిపేరు ఒకటి ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. అది దించుకుందామనే ఇది రాస్తున్నాను.

కాలేజీ లైబ్రరీల్లోకి అప్పుడప్పుడే కంప్యూటర్లు వస్తున్న రోజులవి. నేను అనకాపల్లిలో ఒక డిగ్రీ కాలేజీకి లైబ్రేరియన్ని. కొత్తగా చేరిన లైబ్రేరియన్లకు సీనియర్లు పని నేర్పాలని ఒక పథకం పెట్టి, మాకు మెంటార్లని పేరు పెట్టారు. కె. కోటపాడు వైపు ఒక కాలేజీలో చేరిన దానియేలును నాకు అప్పగించారు. శుక్రవారం మధ్యాహ్నాలు వెళ్ళి అతనితో కూర్చోవాలి.

మొదట్లోనే ఫోన్ చేశాడు. "ఇక్కడ పలకరించీవోళ్ళు లేరు మాస్టారూ. మానేద్దామనుంది. మీరోసారి రండి."

వస్తానన్నాను. వెళ్ళలేదు.

మా ఆవిడ పోయిన ఏడాది అది. శుక్రవారం పర్మిషన్ పెట్టి ఇంటికొచ్చి, తలుపేసుకుని పడుకునేవాణ్ణి. పథకం చూసేవాళ్ళు అడిగితే వెళ్తున్నాననే చెప్పేవాణ్ణి. దానియేలు మళ్ళీ ఫోన్ చెయ్యలేదు. ఉద్యోగం మానేసుంటాడనుకున్నాను.

దసరా సెలవులయ్యాక ఒక శుక్రవారం మనసు ఊరుకోక బస్సెక్కాను. ఇంకా ఉంటే, క్షమించమని అడుగుదామని.

లైబ్రరీ గుమ్మంలో నన్ను చూసి దానియేలు నవ్వాడు. "ఏటి మాస్టారూ, బస్సు తప్పిపోయిందా? ఇప్పుడే కదా వెళ్ళేరు!"

ఎన్నడూ రాని నన్ను ఎత్తిపొడుస్తున్నాడనుకుని తల దించుకున్నాను. అంతలో అటెండరు నరసమ్మ టీ తెచ్చింది.

"రెండోపాలి ఇత్తన్నాను బాబూ, ప్రిన్సిపాల్ గారికి సెప్పకండి. పంచదార ఎయ్యలేదులెండి, మీకు పడదు కదా."

ఆమెను నేను చూడటం అదే మొదలు. నాకు షుగరుందని ఆ కాలేజీలో ఎవరికీ తెలియదు. బల్లమీద అప్పటికే ఒక ఖాళీ గ్లాసుంది. పట్టుకుని చూశాను. ఇంకా వెచ్చగానే ఉంది.

దానియేలు మొహంలో వెటకారమేమీ లేదు. "మీరు వారం వారం రాబట్టి గానీ, ఈపాటికి పెట్టె సర్దేసేవాణ్ణి," అన్నాడు.

నేను ఎప్పుడూ రాలేదని చెబితే ఆ నవ్వు ఏమైపోతుందోనని భయమేసింది. నరసమ్మ ఇచ్చిన టీ అందుకున్నాను.

తర్వాత విచారించాను. అటు ఇంకే సీనియరూ వెళ్ళలేదు. నాకు అన్నదమ్ముల్లేరు. ఆ మధ్యాహ్నాలు నేను గది దాటలేదని మా ఇంటి ఓనరు ఖాయంగా చెప్పాడు.

ఆ పై వారం నుంచి నిజంగా నేనే వెళ్ళాను. నాకు తెలిసిన పనంతా నేర్పాను. దానియేలు నిలదొక్కుకున్నాడు. నిలబెట్టింది నేనేనని అందరూ మెచ్చుకున్నారు. కాదని ఎవరికీ చెప్పలేదు, అతనికి కూడా.

ఒకరోజు పుస్తకాలు సర్దుతూ, నా వైపు చూడకుండా అడిగాడు. "నా మీద కోపమేటి మాస్టారూ? ముందులా కబుర్లు చెప్పడం మానేసేరు."

కోపమేమీ లేదన్నాను. ముందు ఏం కబుర్లు చెప్పేవాణ్ణో అడగడానికి ధైర్యం చాలలేదు. అవి చెప్పిందెవరో ఈనాటికీ నాకు తెలియదు.