కోనపాడు వారి పదిహేడు బిరుదులు

కోనపాడు జమీందారు నరసింగరావుగారు వీధిలోకి వస్తున్నారంటే ముందు వినిపించేది పైడిరాజు గొంతు. దొరగారికి ఎదురుగా నిలబడి, వెనక్కి వెనక్కి అడుగులు వేస్తూ, ఆ వంశం బిరుదులు పదిహేడూ ఒక్క ఊపులో చదివేవాడు. గండభేరుండ ధ్వజుడితో మొదలుపెడితే శరణాగత వజ్రపంజరుడి దగ్గర గానీ ఊపిరి తీసుకునేవాడు కాదు. ముప్పై ఏళ్ళుగా అదే పని. భట్రాజుల ఇంట పుట్టినవాడికి బిరుదులు చదివే ఈ కైవారం తప్ప మరో విద్య రాలేదు. నాగలి పట్టమంటే ఎడ్లకి కూడా బిరుదులు చదువుతాడని ఊళ్ళోవాళ్ళు ఆటపట్టించేవారు. ఒకసారి నిజంగానే చదివాడు కూడా.

ఈ కైవారానికి గాను తాతలనాడు ఇచ్చిన ఈనాం రెండెకరాల మడిచెక్క, గజపతినగరం వెళ్ళే దారి పక్కన ఉంది. ఇంటిల్లిపాదికీ అదే ఆధారం.

జమీలు సర్కారులో కలిసిపోయిన ఏడాది, అంటే నలభై తొమ్మిదిలో, వరి కోతల ముందు ఈనాం భూములు చూసే గుమాస్తా ఒకాయన వచ్చాడు. పైడిరాజు ఈనాం రాసిచ్చిన రాగిరేకు దేవుడి గూట్లోంచి తీసి ఇచ్చాడు. దానికి పండగ పండక్కీ పసుపు రాయడమే గానీ, ఆ పాత రాతని ఆ ఇంట్లో చదివినవాళ్ళు లేరు. గుమాస్తా కళ్ళజోడు సర్దుకుని కూడబలుక్కుంటూ చదివాడు.

"ఇందులో బిరుదులు పదకొండే ఉన్నాయి. నువ్వెన్ని చదువుతావు?"

"పదిహేడండి."

"మిగతా ఆరూ ఎక్కడివి?"

పైడిరాజు వేళ్ళు మడిచి మళ్ళీ లెక్క చూసుకున్నాడు, పదిహేడే. తనకేం తెలుసు? నాన్న నేర్పాడు, తను నేర్చుకున్నాడు.

గుమాస్తా చెడ్డవాడు కాదు, కాగితం మనిషి. రేకులో రాసిన పనే, ఎక్కువా తక్కువా లేకుండా, చేస్తున్నట్టు రుజువైతే భూమి నీది, లేకపోతే ఈనాం రద్దవుతుంది అని చెప్పేశాడు. బుధవారం కచేరీ సావిట్లో ఆఫీసరుగారి ముందు చదవాలన్నాడు.

ఏ ఆరు తీసెయ్యాలో గుమాస్తాని అడగడానికి పైడిరాజుకి నోరు రాలేదు. అడిగితే, ఇన్నాళ్ళూ అబద్ధం చదివానని ఒప్పుకున్నట్టే కదా. తిన్నగా మేనత్త కూర్మమ్మ దగ్గరికి వెళ్ళాడు. ఎనభై దాటిన మనిషి, అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

"అత్తా, మన కైవారంలో ఆరు బిరుదులు ఎక్కువున్నాయంట. ఏటిది?"

"ఉండవేటి మరి. మీ తాత కట్టినవే కదరా అయ్యి," అంది కూర్మమ్మ చేతిలో పని ఆపకుండా. "రిపుగజ సింహుడంటే మన నల్లావు. అప్పట్లో ఇంట్లో సుక్క పాలు లేవు. మీ తాత దసరాకెల్లి కొత్త బిరుదు సదివాడు, దొర ఆవుని తోలించాడు. అది పన్నెండోది. దానెనకాల సంగర భైరవుడు మీ నాన్న పెళ్ళికి. ఆకరిది శరణాగత వజ్రపంజరుడు, పెద్ద కరువులో మూడు బస్తాల సోడులు."

పైడిరాజుకి ఒళ్ళు మండింది. వజ్రపంజరుడు అన్నప్పుడల్లా తను గొంతు ఇంకాస్త పెంచేవాడు. వెనకటి దొరెవరో కోట తలుపులు తీయించి, ప్రాణభయంతో పరిగెత్తుకొచ్చిన జనాన్నంతా లోపలికి రానిచ్చి ఉంటాడని ఊహించుకునేవాడు. తీరా చూస్తే అంబలి కాచుకునే సోడులు. నవ్వాలో తాతని తిట్టాలో తెలియలేదు. పదిహేడూ చదివితే భూమి పోతుంది. పదకొండే చదివితే దొరగారిని నలుగురిలో తక్కువ చేసినట్టు. ఏ దారీ తోచక మర్నాడు పొద్దున్నే దివాణానికి వెళ్ళి, అత్త చెప్పినదంతా దొరగారి ముందు కక్కేశాడు.

నరసింగరావుగారు వింటూ వింటూ నవ్వారు.

"నేను విన్నది వేరు పైడిరాజూ. మీ తాత ఊరికే ఇస్తే పుచ్చుకునేవాడు కాదట. కరువులో మీ ఇంట పొయ్యి వెలగడం లేదని తెలిసి మా తాతగారు సోడులు పంపిస్తే, బస్తా విప్పకుండా తిప్పి పంపేశాడట. అప్పుడు మా తాతగారే, నాకో కొత్త బిరుదు కట్టి చదవమని కబురు పెట్టారట."

"మరి మా అత్త అలగంటాది..."

"ఆవిడ చెప్పిందీ నిజమే కావచ్చు. దివాణంలో ఆ మాట జరగ్గా చూసినవాళ్ళు ఎవరున్నారు ఇప్పుడు?"

"బుధవారం నన్నేటి సదవమంటారు బాబూ?"

దొరగారు లేచారు. "నేనూ వస్తాలే. ఎదర మనిషి నడవకపోతే నీకు ముక్క రాదుగా," అని లోపలికి వెళ్ళిపోయారు. పైడిరాజు వచ్చినప్పటికన్నా ఎక్కువ అయోమయంలో పడి ఇంటిదారి పట్టాడు. వేడుకున్నది తాతా, బతిమాలింది దొరా? దారి పొడుగునా అదే ఆలోచన.

బుధవారం దొరగారు నడిచే వచ్చారు. గొడుగు పట్టే మనిషి కూడా లేడు. ఆఫీసరు కుర్చీలో కూర్చున్నాడు, పక్కన గుమాస్తా పెన్సిలు పట్టుకున్నాడు. దొరగారు సావిడి ఆ చివర నుంచి నడక మొదలుపెట్టారు. పైడిరాజు వెనక్కి అడుగులేస్తూ గొంతెత్తాడు. ఎక్కడ ఆపాలో అప్పటికీ తేల్చుకోలేదు. ఎనిమిది, తొమ్మిది, పది. పదకొండోది అయింది. రిపుగజ సింహుడు నాలుక చివరికి వచ్చేశాడు.

దొరగారు టక్కున ఆగిపోయారు. ఎదురుగా ఆయన కాళ్ళు ఆగేసరికి పైడిరాజు అడుగు ఆగింది, దాంతో గొంతూ ఆగింది.

"అంతేనండి," అన్నారు దొరగారు ఆఫీసరు వైపు తిరిగి. "మా బిరుదులు పదకొండే."

గుమాస్తా రాసుకున్నాడు. భూమి పైడిరాజు పేరనే ఖాయమైంది.

బయటికి వచ్చాక పైడిరాజు దొరగారి కాళ్ళ మీద పడ్డాడు. "తవరి ఆరు బిరుదులూ నాను తినీసినాను బాబూ."

"నీకు తిండి ఉండాలి కదా. లే," అని ఆయన వెళ్ళిపోయారు.

భూమి దక్కినందుకు సంతోషించాలి. పైడిరాజుకి మాత్రం ఏడుపొచ్చింది. ఆవుకీ పెళ్ళికీ సోడులకీ తాత ఏదో ఒకటి కట్టి చదివాడు, వట్టి చేతులతో ఎన్నడూ పుచ్చుకోలేదు. ఇప్పుడు తను ఇచ్చిందేమీ లేదు, పైగా దొర ఇంట్లోంచి ఆరు బిరుదులు పట్టుకొచ్చాడు. తాతే అయితే ఈ రెండెకరాలూ తిప్పి పంపేవాడేమో. పైడిరాజు పంపలేదు. ఆ శుక్రవారమే కోతకి మనుషుల్ని పెట్టాడు.