అరువు బాబాయి

ఉద్యోగం చేసినన్నాళ్ళూ కాలువకు రెండు గట్ల మీదా ఒక్క ఉత్తరం కూడా తప్పు గుమ్మంలో వెయ్యని పోస్టుమాన్, రిటైరయ్యాక అరువు తెచ్చిన ప్రతి వస్తువునూ తప్పు ఇంట్లోనే ఎందుకు తిరిగిచ్చేవాడు? ఇది ఇప్పటికీ తేలని ప్రశ్న. ఆయన్ని అడిగితే, “వయసు” అని నవ్వేవాడు.

రెండు గట్లకీ ఆయన అరువు బాబాయి, ఆయన భార్య పిన్ని. తేవడం బాబాయి వంతు. వెతికిపెట్టి అక్షింతలు వేయించుకోవడం పిన్ని వంతు.

“జల్లెడ ఎవరికిచ్చారు?”

“మిల్లు వాళ్ళకే.”

“మిల్లు ఈ గట్టున కదా. మీరు వంతెన దాటి వెళ్ళారేం?”

“గాలి బాగుందనీ.”

చివరికి జల్లెడ అవతలి గట్టున, ఏళ్ళ తరబడి ఎవరూ గడప తొక్కని అద్దకం అవ్వ ఇంట్లో తేలింది. మిల్లు ఇల్లాలు రుసరుసలాడుతూ వెళ్ళింది. దీపాలు పెట్టే వేళకి తిరిగొచ్చింది, జల్లెడ మరిచిపోయి. మర్నాడు మళ్ళీ వెళ్ళింది. “మా ఆయన మతిమరుపు వల్ల ఆవిడకి రెండు రోజుల పని చెడింది” అని పిన్ని తెగ నొచ్చుకుంది.

ఆ కాలువ ముత్తాతల నాటిది. నదిలోంచి తవ్వి తెచ్చారు. పడవలు లాగిన తాళ్ళ ఒరిపిడికి గట్టు రాళ్ళ మీద వేలు దూరేంత గాడులు పడ్డాయి. పడవలో దాటే రోజుల్లో ఇటు మిల్లు వీధీ అటు అద్దకం వీధీ ఒకే బల్ల మీద మోకాళ్ళు తగిలేలా కూర్చుని, పోట్లాడుకునైనా మాట్లాడుకునేవి. వంతెన కట్టాక దాటడం సులువైంది. దాటేవాళ్ళే కరువయ్యారు.

అన్నదమ్ములైన వడ్రంగులు మరీనూ. అన్న కొట్టు ఇటు, తమ్ముడి కొట్టు అటు. తమ్ముడి పెళ్ళికి అన్న మంచం చేసిచ్చాడు. అది కిర్రుమంటోందని తమ్ముడు అత్తవారందరి ముందూ అన్నాడు. అంతే, అప్పటి నుంచీ ఉప్పూ నిప్పూ. ఇంతలో కాలువ నీళ్ళని ఆపి వదిలే లాకు తలుపులు కుళ్ళిపోయాయి. “ఇద్దరూ కలిసి చేస్తామంటే చెక్కతో చేయిస్తాం. లేదంటే పై ఊరి నుంచి ఇనుప తలుపులు తెప్పిస్తాం” అన్నాడు కాలువ ఆఫీసరు. ఆ పని పోతే రెండు కొట్లూ మూతే. అయినా ఇద్దరూ మెట్టు దిగలేదు.

అలాంటి సమయంలో బాబాయి అన్న దగ్గర్నుంచి పెద్ద రంపం పట్టుకొచ్చాడు.

“మన తలుపు బిగుసుకుందే.”

“దానికి ఇద్దరు లాగే రంపమా? పనిలో పనిగా ఇల్లు కూడా కోసేస్తారా?”

నాలుగు రోజులకి రంపం మాయమైంది. పిన్ని ఇల్లంతా వెతికి, ఆయన్ని నిలదీసింది.

“తమ్ముడి కొట్లో పెట్టొచ్చాను. అదీ వడ్రంగి కొట్టే కదాని.”

“కొరివితో తల గోక్కున్నారండీ.”

“అన్నకి చెప్పాను. నాకు మోకాలు నొప్పి, నువ్వే తెచ్చుకోమన్నాను.”

పిన్ని కొంగు దోపుకుని వంతెన మీద పరుగులాంటి నడక నడిచింది. మోకాలు నొప్పి మనిషి ఆమె వెనకే వచ్చాడు. అప్పటికే అన్న తమ్ముడి గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

“నా రంపం ఇలా పడెయ్.”

“నేనడిగానా? బాబాయి తెచ్చి పడేశాడు.”

అన్న రంపం అందుకుని పళ్ళ మీద బొటనవేలు ఆనించాడు.

“ఆకురాయి పట్టిందెవరు?”

“నేనే. మొద్దుబారిపోయి ఉంటే చూస్తూ ఊరుకోనా?”

“పదునుందో లేదో లాగితే గానీ తెలీదు.”

“ఒక్కడివే ఎలా లాగుతావ్?”

అన్న రంపాన్ని తమ్ముడి వైపు చాపాడు. తమ్ముడు దుంగను దొర్లించాడు. చెరో పిడీ పట్టుకున్నారు. రంపం మొదట తడబడి, తర్వాత దారిన పడింది. దుంగ రెండుగా విడిపోయింది.

అన్న చెమట తుడుచుకుని, దుంగతో చెప్పినట్టుగా అన్నాడు. “రేపు లాకు తలుపుల కొలతలకి వెళ్ళాలి.”

“నువ్వొక్కడివే కొలిస్తే మళ్ళీ కిర్రుమంటాయి. నేనూ వస్తాను.”

అన్న మొహం చిట్లించాడు. ఆ చిట్లింపు నిలవలేదు, నవ్వులోకి జారిపోయింది.

పిన్నికి జల్లెడ గుర్తొచ్చింది. ఆ వెనకే గొడుగులూ, గరిటెలూ, మడత కుర్చీలూ, తను తిన్న తిట్లూ వరసగా గుర్తొచ్చాయి. ‘ఏవండీ, అసలు మీరు’ అనబోతూ వెనక్కి తిరిగింది.

బాబాయి లేడు. అప్పుడే వంతెన మధ్యకి చేరిపోయాడు. భుజాన పక్కకొట్టు దర్జీ నిచ్చెన.

పిన్ని కేకెయ్యబోయి, ఊరుకుంది.