మగ్గం పక్కనే పోతానన్న మా అత్తగారు

మా మగ్గాల వీధిలో ఆ రోజుల్లో మనిషి ప్రాణాన్ని ఇంట్లో పోనిచ్చేవాళ్ళు కాదు. ఊపిరి ఎగదన్నితే చాలు, నలుగురూ పట్టుకుని అరుగు మీదకు మోసేవాళ్ళు. చెడ్డ నక్షత్రంలో లోపల ప్రాణం పోతే మూడు నెలలో ఆరు నెలలో ఇల్లు మూసెయ్యాలి, అదీ భయం. చల్లపల్లి దగ్గరి ఆ ఊళ్ళో మాది ఒకటే గది. పొయ్యి అందులోనే, గుంట మగ్గం అందులోనే. నేలలో గుంట తవ్వి దించిన మగ్గాన్ని చంకన పెట్టుకుని పోలేం గదా.

యుద్ధం రోజులు. నూలుకు కంట్రోలు వచ్చిన ఏడే మా అత్తగారికి కాళ్ళకు నీరు పట్టింది. మా ఆయనా నేనూ ఆవిణ్ణి, పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిపే బస్సులో బెజవాడ తీసుకెళ్ళాం. డాక్టరు చూసి, మా ఆయన్ను పక్కకు పిలిచాడు. ఆవిడ బల్ల మీంచే కేకేసింది.

"ఏవయ్యా, పోయేది నేను. వాడి చెవిలో చెప్తావేం? నాకు చెప్పు."

గుండె అలిసిపోయిందనీ, ఇంటిదగ్గర ఉంచుకోవడమే మేలనీ చెప్పాడాయన. "ఆ మాత్రానికి ఇంత దూరం కుదిపి తీసుకొచ్చావుట్రా" అని కొడుకును తిట్టుకుంటూ బస్సెక్కింది.

ఇంటికొచ్చాక, నేను రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతుంటే పిలిచింది.

"అమ్మాయ్, నన్ను అరుగు మీద పడెయ్యకండే. యాభై ఏళ్ళు ఈ మగ్గం చప్పుడు విన్నాను. అది వింటూనే పోతాను. చల్లపల్లిలో ఉన్న నా కూతుర్ని నేను బతికుండగా పిలవండి. పోయాక వచ్చి గుండెలు బాదుకుంటే నాకేం వినపడుతుంది?"

"ఆ మాటలెందుకు అత్తయ్యా, దీపాలవేళ."

"మాట్లాడకపోతే యముడు దారి మర్చిపోతాడా?"

నేను సరేనని అనలేదు. ఇద్దరు పసిపిల్లలతో ఎక్కడికి పోవాలి, ఏం తినాలి అనే నా బెంగ. విననట్టు కండె మార్చుకున్నాను. ఇప్పటికీ సిగ్గుపడతాను అందుకు.

ఒకరోజు మధ్యాహ్నం ముసురు పట్టి ఉంది. ఆవిడకు ఉన్నట్టుండి గురక మొదలై కళ్ళు తేలవేసింది. మా మామగారి అన్నగారు వచ్చి నాడి పట్టుకుని, "ఇంక ఆలస్యం చెయ్యకండి, ఎత్తండి" అన్నారు. ఎత్తారు. కాళ్ళు నేనే పట్టుకున్నాను. అరుగు మీద చాప వేసి పడుకోబెట్టి, తులసి నీళ్ళు పోశారు. చూరు నుంచి జల్లు కొడుతూనే ఉంది. వీధి వీధంతా చేరి ఏడుపు అందుకుంది.

ఎంతసేపయిందో, ఆవిడ కళ్ళు తెరిచింది.

"ఎవర్రా నోట్లో చన్నీళ్ళు పోస్తోంది? కాస్త ఉప్పేసి గంజి పొయ్యకూడదూ?"

ఏడుస్తున్నవాళ్ళు అలాగే నోళ్ళు తెరుచుకుని ఉండిపోయారు. ఆవిడ బావగారి వంక చూసింది.

"మీరు నాకన్నా పదేళ్ళు పెద్ద. అంత తొందరైతే మీరే పడుకోండి బావగారూ, చాప వేసే ఉంది."

అందరూ ఫక్కున నవ్వారు. నేనూ నవ్వబోయాను. అప్పుడు నావైపు తిరిగింది.

"నువ్వు గూడా పట్టుకున్నావుటే?"

తిట్టుంటే పడేదాన్ని. తిట్టలేదు. ఆవిడ పాదాలు తడిసి మంచులా ఉన్నాయి. కొంగుతో తుడిచాను గానీ తల ఎత్తలేకపోయాను.

లోపలికి తెచ్చి పడుకోబెట్టాక, మా ఆయనతో చెప్పాను. "ఈసారి ఎవరొచ్చినా గడప దాటనివ్వను."

"ఇల్లు మూయాల్సొస్తేనో?"

"మూద్దాం. మనం వానలో ఉండగలం. ఆవిడ ఉండలేదు."

ఆయన చాలాసేపు పడుగు దారాలు సవరిస్తూ కూర్చున్నాడు. లేచి వెళ్ళి తల్లి మంచం కోడు దగ్గర చతికిలబడ్డాడు. "అమ్మా, నీకేం కావాలో నాక్కూడా చెప్పు" అన్నాడు. అంతవరకు ఆ మాటెత్తితే లేచి బయటికి పోయే మనిషి.

"రేపటినుంచి మగ్గం ఆపకు. నేనున్నానని మెల్లిగా నెయ్యకు" అంది.

కబురు పెడితే ఆడపడుచు వచ్చింది. తల్లీకూతుళ్ళు మూడు రోజులు పాత గొడవలన్నీ తవ్వుకుని పోట్లాడుకున్నారు, ఒకే మంచం మీద పడుకున్నారు. నేను గంజి తాగమని పోరడం మానేశాను. అడిగితే ఇచ్చేదాన్ని, వద్దంటే పెదవులు తడిపేదాన్ని.

అరుగు మీంచి లోపలికి తెచ్చిన ఎనిమిదో రోజు పొద్దున, మా ఆయన నేస్తుండగా ఆవిడ ఊపిరి మారింది. పెద్దాయన గుమ్మం దాకా వచ్చారు. నేను గడపలో నిలబడి, "మీకు దణ్ణం పెడతాను, ముట్టుకోవద్దండీ" అన్నాను. "నక్షత్రం మంచిది కాదే పిల్లా" అన్నారు. "తెలుసండీ" అన్నాను. వెనకాల మగ్గంలో నాడె అటూ ఇటూ ఆడుతూనే ఉంది. అత్తగారు కూతురి ఒళ్ళో తల పెట్టుకుని పోయింది. కూతురు పిలిచాకగానీ మా ఆయన మగ్గం ఆపలేదు.

ఇల్లు మూయించారు, మూడు నెలలు. ఊరి చివర ఒక రైతు తన పశువుల కొట్టంలో చోటిచ్చాడు. అక్కడే కొత్తగా గుంట తవ్వుకున్నాం. తడికి గంజి వదిలి నూలు తెగేది, పిల్లలు దగ్గేవాళ్ళు. కష్టం లేదని అబద్ధం చెప్పను. ఒకరోజు కప్పు కారి నేసిన గుడ్డంతా తడిస్తే, మా ఆయన చేతులు వదిలేసి కూర్చున్నాడు.

"ఆ రోజు అత్తయ్యను అరుగు మీదకు మోయనిచ్చి ఉండాల్సిందంటారా?" అని అడిగాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు. తెగిన దారం వెతికి, ముడి వేసుకుని, నెయ్యడం మొదలుపెట్టాడు.