కాలేయం ఇస్తానన్న బావమరిది

1965 వేసవిలో నన్ను బందరు ఆస్పత్రిలో మగవాళ్ల సర్జికల్ వార్డుకు స్టాఫ్ నర్సుగా వేశారు. కొత్త ఉద్యోగం. డాక్టర్లతో మాట్లాడాలంటే భయం.

ఆ నెలలోనే పెడన నుంచి వీరాస్వామి అనే అద్దకం పనివాడు కామెర్లతో చేరాడు. సర్జన్ గారు పొట్ట తెరిచి చూశారు. కాలేయంలో పుట్టిన క్యాన్సరు రెండు వైపులా పాకి, పెద్ద రక్తనాళంలోకి కూడా వెళ్లింది. తీసే వీలు లేక కుట్టేశారు.

రోగం పేరు రోగికి చెప్పకపోవడం అప్పటి పద్ధతి. ఇంటి మగవాళ్లలో ఒకరిని వరండాలోకి పిలిచి చెప్పేవారు. వీరాస్వామితో గడ్డ తీసేశామన్నారు. నిజం అతని బావమరిది సుబ్బారావుకు చెప్పారు.

అమెరికాలో ఒకరి కాలేయం ఇంకొకరికి అమర్చారని సుబ్బారావు పేపర్లో చదివాడట. "నాది సగం కోసి మా బావకి పెట్టండి. ఎక్కడ సంతకం పెట్టమన్నా పెడతానండీ" అన్నాడు. అక్కడ చనిపోయినవాళ్ల కాలేయం తీసి పెట్టారనీ, పెట్టించుకున్నవాళ్లూ ఎక్కువకాలం బతకలేదనీ సర్జన్ గారు ఓపిగ్గా చెప్పారు. సుబ్బారావు వినలేదు. మద్రాసు తీసుకెళ్తానని ప్రయాణం ఏర్పాట్లు మొదలుపెట్టాడు. ఈలోగా తన కాలేయం శుభ్రపడాలని చుట్ట మానేసి, మజ్జిగన్నం తినసాగాడు.

ఆ ఏర్పాట్లలోనే రోజులు గడిచాయి. ఒక ఉదయం నేను కట్టు మారుస్తుంటే వీరాస్వామి నవ్వాడు.

"పెళ్లిపీటల మీద కూడా చుట్ట ఆర్పనివాడండీ మావాడు. ఇప్పుడు మజ్జిగ తాగుతున్నాడు."

"వేడి చేసింది బావా, ఊరుకో" అన్నాడు మంచం పక్కనే ఉన్న సుబ్బారావు.

"వేడి నీకా, నాకా?" అని, నావైపు తిరిగి, "నాకేమైందో మీరైనా చెప్పండమ్మా" అన్నాడు.

చెప్పే అధికారం నర్సుకు లేదు. కట్టు పూర్తిచేసి సర్జన్ గారి గదికి వెళ్లి, రోగి అడుగుతున్నాడని మాత్రం అన్నాను. ఆయన వచ్చి, మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, అంతా చెప్పారు.

 వీరాస్వామి మద్రాసు వద్దన్నాడు. కూతురికి ఎర్రరంగు కాచడం సగమే నేర్పాననీ, ఇంటికి పంపమనీ అడిగాడు. సుబ్బారావు బయటికి వెళ్లిపోయాడు.

ఇల్లు చేరేసరికి వీరాస్వామి కూర్చోలేని స్థితిలో ఉన్నాడట. రంగు కాగే పొయ్యి దగ్గరికి వెళ్లలేక మంచం మీంచే చెప్పేవాడట. నేర్పడం పూర్తికాకుండానే పోయాడని తర్వాత తెలిసింది.

దశాబ్దాల తర్వాత కాలేయం మార్చే ఆపరేషను కాలేయ క్యాన్సరుకు చికిత్సగా స్థిరపడింది. బతికున్నవాళ్ల నుంచి ముక్క తీసి పెట్టడం కూడా వచ్చింది. గడ్డ చిన్నదై, కాలేయం దాటనివాళ్లకే అది చేస్తారు. వీరాస్వామికి ఈనాడైనా చేసేవారు కాదు. కానీ అతనికి నిజం మొదటిరోజే చెప్పి ఉండవచ్చు. మిగిలిన రోజులు రోగివి. వాటిని ఎలా గడపాలో తేల్చుకోవలసింది కూడా అతనే.