నాన్న చదవలేకపోయిన పాఠం

డిసెంబరు మొదలవగానే తెనాలి బజారులో కొట్ల ముందు కొత్త ప్లాస్టిక్ నక్షత్రాలు వేలాడతాయి. ఆ వాసన తగిలితే అందరికీ పండగ గుర్తొస్తుందేమో గానీ, నాకు మాత్రం రేపల్లెలో మా పాత ఇల్లే గుర్తొస్తుంది.

మా నాన్న పాస్టరు, ఊరందరికీ అయ్యగారు. క్రిస్మస్‌కి ముందొచ్చే నాలుగు ఆదివారాలూ ఇంట్లో ఉండేవారు కాదు. తెల్లారి బస్సెక్కి ఒక వారం పొన్నూరు, ఒక వారం బాపట్ల వైపు పల్లెలు తిరిగి ప్రసంగాలు చెప్పి, చిక్కుడుకాయలూ కాగితంలో చుట్టిన అరిసెలూ సంచిలో వేసుకుని వచ్చేవారు. జనవరిలో, తూర్పు జ్ఞానులు బాలయేసుకి కానుకలు తెచ్చిన రోజని చేసే జ్ఞానుల పండగకి మాత్రం మా చర్చిలోనే చెప్పేవారు. జ్ఞానుల కానుకలు అయిపోయి, హేరోదు రాజు యేసు దొరక్క ఊళ్ళో పసిపిల్లల్ని చంపించిన చోటికి వచ్చేసరికి అరచేత్తో బల్ల మీద సైనికుల అడుగులు వాయించేవారు, గొంతు మార్చి తల్లుల ఏడుపు ఏడ్చేవారు, చాపల మీద ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకునేవారు. పిల్లలకి అది బుర్రకథ కంటే ఇష్టం. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

నాకు పదేళ్ళప్పుడు, మూడో ఆదివారం నాటికి మా మూడేళ్ళ తమ్ముడికి జ్వరం ముదిరింది.

“ఈ వారం వెళ్ళకండి. బాబుని తెనాలి ఆస్పత్రికి తీసుకెళ్దాం,” అంది అమ్మ.

“బాపట్లలో జనం ఎదురుచూస్తుంటారే. రేపొద్దున్నే వెళ్దాం,” అని నాన్న బస్సెక్కారు.

మధ్యాహ్నం అమ్మ ఆగలేక వాణ్ణి భుజాన వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని రైలెక్కింది. తెనాలి చేరకముందే తమ్ముడు చనిపోయాడు. ఆ రోజు బాపట్లలో నాన్న చెప్పిన ప్రసంగం సంతోషం గురించి.

ఆ క్రిస్మస్‌కి మా పొయ్యి మీద మూకుడు ఎక్కలేదు. నాన్న తెల్లంగీ తొడుక్కుని ప్రసంగం చెప్పి వచ్చారు, అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. జ్ఞానుల పండగ నాడు మాత్రం ఎవరూ పిలవకుండానే లేచి, తల దువ్వుకుని, చర్చిలో ముందు చాప మీద కూర్చుంది. నాన్న కానుకల దాకా చదివి పుస్తకం మూసేశారు.

అమ్మ లేచి నిలబడింది. “మిగతాది కూడా చదవండి. ఏటా చదివేవారుగా.”

నాన్న మళ్ళీ పుస్తకం తెరిచి, ఆ వాక్యం దాకా వేలు జరిపి, మూసేశారు. అమ్మ వెళ్ళి ఆయన చేతిలోంచి పుస్తకం తీసుకుని, బిడ్డలు లేరని ఓదార్పు ఒల్లని తల్లి అన్న వాక్యం దాకా మామూలు గొంతుతో చదివి, బల్ల మీద పెట్టి ఇంటికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు ఒకే ఇంట్లో ఉన్నారు. ఆయన ప్రసంగం అమ్మ మళ్ళీ వినలేదు.

ఇప్పుడు ఇద్దరూ లేరు. రేపల్లె చర్చిలో చాపలు పోయి కుర్చీలొచ్చాయి, బస్సుల్లో పల్లెలు తిరిగే అయ్యగార్లూ పోయారు. మొన్న జనవరిలో జ్ఞానుల పండగకి అక్కడికి వెళ్తే, కుర్ర పాస్టరు పసిపిల్లల భాగం వదిలేసి కేకు కోయించాడు. అందరూ వెళ్ళాక, ఎందుకు చదవలేదని మెల్లగా అడిగాను.

“పండగ పూట ఏడుపెందుకులెండి ఆంటీ,” అన్నాడు.

అమ్మ అంతమందిలో నిలబడి చదివిన చోట నేను తలూపి, అతను చేతిలో పెట్టిన కేకు ముక్క తినేశాను.