నాలుక చాచిన సూరీడు

ఉత్తరాలు తప్ప ఎప్పుడూ ఏదీ రాసినదాన్ని కాదు. సాయిబు బాబాయి పోయారన్న కబురుతో పాటు నాకొక మాట వచ్చింది. అది ఎవరితో చెప్పుకోవాలో తెలియక ఇలా రాస్తున్నాను.

పాతూరులో మా పక్క వాటాలో వెండిపని చేసేవారాయన. నన్ను అక్క వరసలో అప్పా అని పిలిచే వాళ్ళబ్బాయి, తండ్రిని మట్టి చేసిన మర్నాడు, ఇప్పుడు మేముంటున్న కంచరపాలెం వచ్చాడు.

"మా అబ్బా ఆకరికి సెప్పింది ఒకటే మాటప్పా. తాను సేసిన ముఖాలన్నీ కరిగించీమన్నాడు. ముఖం సేసినోడివి కదా, దానికి పేణం కూడా పొయ్ అని పైకెళ్ళాక అల్లా అడుగుతాడంట. అన్నీ కరిగించేసేం. నీకాడున్న సూరీడొక్కడే మిగిలాడు."

ఆ సూరీడు మన దేశంవాడు కాదు. ఓ ఓడ కళాసీ తన మెడలోని సూరీడి బిళ్ళ కొక్కెం తెగిపోతే అతికించుకోడానికి తెచ్చాడు. మెక్సికోలో పూర్వం అజ్టెక్కులనే జనం కొలిచిన సూర్యుడట, నాలుక బయటికి చాచి ఉంటాడు. బాబాయి బిళ్ళ తిరిగిచ్చే ముందు దాన్ని కాగితం మీద దించుకున్నారు. తరవాత అలాంటివే చేశారు, కళాసీ చెప్పిన ఈకలున్న పాములతో జూకాలూ చేశారు. వీధి ఆడవాళ్ళంతా చుట్టూ మూగేవాళ్ళు.

"ఏటి బాబాయ్, నీ సూరీడు మనల్ని ఎక్కిరిత్తన్నాడు?"

"దాహమేత్తన్నాదేమోనమ్మా. ఆ దేశంలో ఎండెక్కువ."

వెండి రేకుని లక్క మీద బోర్లా పరిచి, వెనక నుంచే ఉలితో కొట్టేవారు. "ముఖాలు నాను సెయ్యనమ్మా. ఎనకాల గుంతలు కొడతానంతే. ముందుపక్క ఏటయిందో పైవాడికెరుక" అనేవారు నవ్వుతూ. అది హాస్యమనుకున్నాను. అప్పటికే భయపడుతున్నారా? ఇప్పుడు ఎవరిని అడగను?

వెల్డింగు మెరుపులకి మావారి చూపు మందగించిన ఏడాది, సూర్యనారాయణమూర్తికి మొక్కుకుంటూ బాబాయి చేసిన సూరీడి బిళ్ళల్లో ఒకటి అడిగి తీసుకున్నాను. మన సూర్యుడికి లేని ఆ నాలుక సంగతి ఆలోచించలేదు. రోజూ కుంకుమ పెట్టాను. చూపు నిలిచింది. మందులవల్లో మొక్కువల్లో చెప్పలేను. అలాంటి దాన్ని నిప్పుల్లో వెయ్యమంటే నా చేతులాడలేదు. వెయ్యకపోతే బాబాయి అక్కడ ఏం జవాబు చెప్పుకుంటారు?

రెండు రోజులు దీపం పెట్టి ఊరికే కూర్చున్నాను. మూడోనాడు పసుపుగుడ్డలో చుట్టి వాళ్ళింటికి తీసుకెళ్ళాను.

"నీకు దేవుడు కదమ్మా" అంది, భర్త పోయిన గడువు పాటిస్తున్న పిన్ని తెర వెనక నుంచి. "ఇట్టం లేకపోతే ఒద్దు. ఆయన కోసం నాను అల్లాకి దువా సేసుకుంటాను."

ఆ మాటతో ఇంకా అయోమయంలో పడ్డాను. పసుపుగుడ్డ విప్పి, "కరిగించీ నాయనా" అన్నాను వాళ్ళబ్బాయితో. సూరీడి బుగ్గల మీది కుంకుమ నా కొంగుతో తుడిచి ఇచ్చాను.

ఇక చెప్పేది మీ దగ్గరే దాచుకోండి, ఆ ఇంటివాళ్ళకి చూపించకండి. వెండి కరిగించే మూసలో ముందు సూరీడి కిరణాలు వంగాయి, తరవాత ముఖం కుంగిపోయింది. ఆఖరికి కళ్ళూ నోరూ లేకుండా, గుండ్రంగా, చూడలేనంత తెల్లగా వెలిగింది. నాకు తెలియకుండానే రెండు చేతులూ జోడించేశాను.