దొంగగారండీ, కాలు వదలండి

ఊబిలో దిగబడుతున్న మనుషుల బొమ్మలంటే నాకు చెప్పలేనంత ఇష్టం. ఈ మాట పైకి అంటే జనం నన్ను అదోలా చూస్తారు. చూడనివ్వండి. కొందరు స్టాంపులు దాస్తారు, కొందరు పాత నాణేలు దాస్తారు. నేను పాత వారపత్రికల బొమ్మల కథల్లోంచి ఊబి సన్నివేశాలు కత్తిరించి దాస్తాను.

నడుము దాకా మునిగిన మనిషి, పైకెత్తిన చెయ్యి, అందీ అందని తీగ, ఒడ్డున ఏం చెయ్యాలో తెలియక సకిలించే గుర్రం. మంచి చిత్రకారుడైతే నడుము చుట్టూ సన్నటి గీతలు గుండ్రంగా వేసి ఊరుకుంటాడు. బరువంతా ఆ గీతల్లోనే తెలుస్తుంది. చేతకానివాడు బుడగలు వేస్తాడు. బుడగలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అది ఊబా, అన్నం ఎసరా? అన్నిటికంటే నాకు నచ్చేది ఆ బొమ్మలో ఉండే నిశ్శబ్దం. ఎంత ప్రమాదమైనా అక్కడ ఎవరూ ఇంకో వేలెడు లోతుకి దిగరు. ఎన్నేళ్ల తర్వాత చూసినా ఊబి ఆ నడుము దగ్గరే ఆగి ఉంటుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఫ్యాను కింద పడుకుని అలాంటి బొమ్మ చూస్తూ ఉంటే, చాప కింద నేల మెత్తబడి, నేనే మెల్లగా, హాయిగా ఎక్కడికో దిగిపోతున్నట్టు ఉండేది.

ఈ పిచ్చి నాకు అంటించింది మా అక్క. భీమవరం దగ్గర కాలవ గట్టు మీద మా ఇల్లు. నాన్న లూథరన్ చర్చిలో సంఘపెద్ద. ఆదివారం సాక్ష్యం చెప్పడానికి లేచినవాళ్లంతా ప్రభువు తమను దొంగఊబిలోంచి పైకెత్తాడని చెప్పేవారు. గట్టినేలలా కనిపించి మోసం చేస్తుంది కాబట్టి దాన్ని దొంగఊబి అంటారు, దొంగనిద్ర అన్నట్టు. ఆ సంగతి మాకు అప్పుడు తెలియదు. ఊబి అడుగున నిజంగానే ఒక దొంగ కూర్చుని కాళ్లు పట్టుకు లాగుతాడనుకున్నాం. ఏ బొమ్మలోనూ ఆ దొంగ కనిపించకపోవడంతో మాకు నమ్మకం ఇంకా గట్టిపడింది. దొంగన్నాక కనిపిస్తాడా మరి?

వేసవిలో కాలవలకి నీళ్లు కట్టేశాక, అడుగున మిగిలిన బురదలో మోకాళ్ల దాకా దిగి ఊబి ఆట ఆడేవాళ్లం. కాలు రాకపోతే నేను ఏడుపు లంకించుకునేదాన్ని.

"గింజుకుంటే ఇంకా గట్టిగా పట్టుకుంటాడే. మర్యాదగా అడగాలి," అనేది అక్క.

మర్యాదగానే అడిగేవాళ్లం. "దొంగగారండీ, కాస్త కాలు వదలండి." గోదావరి జిల్లా పిల్లలం కదా, దొంగకైనా గారూ అండీ తప్పవు. అలా అడుగుతూ ముందు వేళ్లు కదిపి, తర్వాత మడమ తీస్తే, బురద చుప్పుమని వదిలేసేది.

ఆ రోజుల్లోనే వారపత్రికలో వచ్చే ఒక బొమ్మల సీరియల్లో యువరాణి ఊబిలో పడింది. ఆ వారానికి అదే ఆఖరి బొమ్మ. ఒక్క బుడగ లేదు, ఎంత అందంగా ఉందో చెప్పలేను. మరుసటి వారం పత్రిక మా ఇంటికి రాలేదు. చదువులు పాడవుతున్నాయని నాన్న మాన్పించేశారు. యువరాణి అక్కడే ఉండిపోయింది. ఆ బొమ్మ నేను దాచుకున్నాను గానీ, ఆమెను వదిలిపెట్టనిది అక్కే. నాకు జడ వేస్తూనో, బియ్యం ఏరుతూనో రోజుకో రకంగా ఆమెను బయటికి లాగేది. ఒకరోజు గుర్రం తోక అందించేది. ఇంకోరోజు తాటిదుంగ దొర్లించేది. ఏమీ తోచనిరోజు, దొంగకి ఆకలేసి అన్నానికి వెళ్లాడని చెప్పేసేది.

నిరుడు అక్కకి పక్షవాతం వచ్చింది. మాట దక్కింది, చెయ్యి దక్కింది, ఎడమకాలు మాత్రం మొండికేసింది. ఇప్పుడు సాధన చేస్తే నడుస్తుందనీ, ఆలస్యమైతే ఇక కష్టమనీ డాక్టరు చెప్పాడు. అక్క మంచం దిగదు. రోజూ వచ్చే ఫిజియోథెరపీ అమ్మాయి లేపబోతే "నేల దిగిపోతోందమ్మా" అని కళ్లు మూసుకుంటుంది. నేను సెలవు పెట్టి రాజమండ్రిలో అక్కావాళ్లింటికి వెళ్లి దగ్గర కూర్చున్నాను. వాళ్లింటి కిటికీలోంచి గోదావరి, ఎండకి తేలిన ఇసుక మేటలు కనిపిస్తాయి. అక్క పగలంతా వాటికేసే చూస్తూ ఉండేది. వీధివీధంతా వినపడేలా మాట్లాడే మనిషి అంత మెత్తబడిపోవడం నేను భరించలేకపోయాను. ఇక లేవదేమోనని భయం వేసింది.

ఏం చెయ్యాలో తోచక ఆ పాత బొమ్మను ఫోన్లో మా గ్రూపులో పెట్టాను. అవును, మాకో గ్రూపు ఉంది. ఈ పిచ్చి నా ఒక్కదానిదే కాదు. తర్వాతి సంచిక ఎవరి దగ్గరైనా ఉందా అని అడిగాను. కొన్నాళ్లకి భీమవరంలో రొయ్యల మేత అమ్మే ఒకాయన ఫోన్ చేశారు.

"మేడమ్‌గారండీ, మీ యువరాణి దొరికిందండి. పేజీ పంపించానండి. కానీ చూశాక మీకు ఒళ్లు మండుద్దండి," అన్నారు.

అక్కకి ఫోన్ చూపించాను. మొదటి బొమ్మలోనే యువరాణి గుర్రం మీద ఉంది. పావడాకి బురద మరకైనా లేదు. పైన ఒక్క ముక్క రాసి ఉంది, ఎలాగోలా ఊబిలోంచి బయటపడిన యువరాణి కోటవైపు సాగిందని.

అక్క కళ్లద్దాలు సర్దుకుని మళ్లీ చదివింది.

"ఎలాగోలా ఏంటే?" అంది. చాలా రోజుల తర్వాత ఆ గొంతు లేచింది. "ఎలాగోలా అంటే ఎలా? ఇన్నేళ్లూ నేను చచ్చీచెడీ లాగుతుంటే, ఈ మహానుభావుడు ఒక్క మాట అనేసి ఊరుకున్నాడా? కాలు ఎలా తీసిందో చెప్పొద్దూ?"

"నువ్వు చెప్పు మరి," అన్నాను.

అప్పుడే ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చింది. ఆమె అడక్కుండానే అక్క మంచం అంచుకి జరిగి, రెండు కాళ్లూ కిందికి దించింది. చెరోవైపు పట్టుకుని నిలబెట్టాం. కుడికాలు ముందుకి పడింది. ఎడమకాలు రాలేదు. అక్క నా భుజాన్ని గట్టిగా పట్టుకుంది. నేను కంగారుపడి ముందుకి నడిపించబోయాను.

"లాగకే," అంది.

తల వంచి, నేలకేసి చూస్తూ, ఎంతో మర్యాదగా అడిగింది.

"దొంగగారండీ, కాస్త కాలు వదలండి."

"ఎవరితోనండీ?" అని ఆ అమ్మాయి నావైపు చూసింది. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. నా కళ్లు అక్క పాదం మీదే ఉన్నాయి. ముందు వేళ్లు కదిలాయి. తర్వాత మడమ లేచింది.